మిగిలిపోయిన మూడు కిలోమీటర్లు

రోడ్డు మీద గీతలు ఎవరు వేస్తారో జనం ఆలోచించరు. గీత ఉంటే చూడరు, లేకపోతే తిడతారు. గీతల మేస్త్రీ ముప్పై ఒక్క ఏళ్లు ఆ తిట్లు పడకుండా నెట్టుకొచ్చిన మనిషి. రోడ్ల శాఖ యార్డులో రంగు డబ్బాలు మోసే పనిలో చేరి మేస్త్రీ అయ్యాడు. చేతికింద ఆరుగురు మనుషులు, ఒక రంగు యంత్రం, హారన్ తప్ప అన్నీ చప్పుడు చేసే ఒక లారీ. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అక్కడ తప్ప ఎక్కడా వాడలేదు.

యార్డు గేటు దాటి నలభై అడుగులు వేస్తే ఒక కిలోమీటరు రాయి వస్తుంది. దాని మీద సున్నా అని రాసి ఉంటుంది. రాళ్ల మీది అంకెలు కిలోమీటరుకు ఒకటి చొప్పున తగ్గుతూ వచ్చి ఇక్కడ సున్నా అవుతాయి. పెద్ద రోడ్డు అక్కడితో ఆఖరు. ఆ తర్వాత గోదాములు, వాటి వెనక సముద్రం. రోడ్డు మొదలు మాత్రం తొమ్మిది దేశాల అవతల ఎక్కడో ఉంది. మేస్త్రీ వంతుకు వచ్చింది చివరి డెబ్బై కిలోమీటర్లు. ఏటా ఆ డెబ్బైకీ గీత వేయడం, వానలకు చెరిగితే మళ్లీ వేయడం. యాభై రెండో ఏట ఒక మధ్యాహ్నం క్యారియర్ మూత పెడుతూ, "దీని అవతలి కొస నుంచి ఇక్కడి దాకా ఒకసారి రావాలి" అన్నాడు. రిటైరయ్యాక బస్సులో చుట్టి వస్తాడు కాబోలు అనుకున్నారు విన్నవాళ్లు. అతను రోజూ పొద్దున డ్యూటీకి ముందు పది కిలోమీటర్లు పరిగెత్తుతాడన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోడ్డంతా పరిగెత్తి రావడానికి జీతం లేని సెలవు రెండేళ్లు దొరికింది. మంజూరు కాగితం చేతికిస్తూ హాజరు గుమాస్తా ఒక షరతు చదివి వినిపించాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ల గడిలో ఎర్రగీత కొట్టేస్తాడు కాబట్టి యార్డులో అతన్ని ఎర్రపెన్ను అంటారు. సెలవు అయిపోయిన మర్నాడు, ఒకటో తారీఖు, మధ్యాహ్నం పన్నెండు లోపు వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటే ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసూ పోతుంది.

"పన్నెండూ ఒకటికి వస్తే?" అని అడిగాడు మేస్త్రీ.

"ఎర్ర పెన్నులో సిరా ఎప్పుడూ ఉంటుంది" అన్నాడు గుమాస్తా.

మేస్త్రీ వెంట అతని బావమరిది వ్యాను నడుపుకుంటూ వెళ్లాడు. అంతకుముందు ఆ వ్యానులో పరుపులు, బీరువాలు చేరవేసేవాడు. వెనక ఒక పరుపు, స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, పద్నాలుగు జతల బూట్లు. పరుగు యాత్రకని బయల్దేరి, ఒక్క అడుగు పరిగెత్తకుండా తొమ్మిది దేశాలు దాటిన మనిషి అతనొక్కడే అయి ఉంటాడు.

పద్ధతి తేలికైనది. సాయంత్రం పరుగు ఎక్కడ ఆగితే అక్కడ రోడ్డు అంచున పసుపు రంగుతో ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన రెండు చుక్కలు. మర్నాడు సరిగ్గా ఆ గుర్తు మీద కాలుపెట్టి మొదలు. ఇది మేస్త్రీ కనిపెట్టింది కాదు. గీతలు వేసేవాళ్లు పని ఆపిన చోట పెట్టుకునే గుర్తు, శాఖలో అందరూ వాడేదే. రాత్రి పడుకోవడానికి ఎక్కడికి పోయినా, పొద్దున వ్యాను ఆ గుర్తు దగ్గరికి తిరిగి రావాలి. ఆగిన రాయి నంబరూ మొదలెట్టిన రాయి నంబరూ బావమరిది నోటు పుస్తకంలో రాసి, ఫోనులో అక్కకు చెప్పాలి.

అక్క, అంటే మేస్త్రీ భార్య, యార్డు ఎదురుగా ఉన్న లారీ కాటాలో పదహారేళ్లుగా తూకాలు రాస్తోంది. డ్రైవర్లు కాటా అక్క అంటారు. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఎంత, బయటికి పోయేటప్పుడు ఎంత అన్నదే ఆమె పని. మొగుడి పరుగును కూడా అలాంటి పాత రిజిస్టరులోనే రాసింది. ఒక గడిలో సాయంత్రం రాయి, పక్క గడిలో పొద్దుటి రాయి. రెండూ ఒకటే ఉండాలి.

ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రానికి మేస్త్రీ 96వ రాయి దగ్గరికి చేరాడు. రోజుకు ముప్పై రెండు చొప్పున మూడు రోజులు. ఒకరోజు ముందే ఇంటికి వచ్చేస్తాడు. కుడికాలి ముందు ఎముక మీద కోడిగుడ్డంత వాపు ఉంది గానీ, మూడు రోజులకు అది అడ్డం కాదన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం యార్డు మనుషులు కాటా గదికి వచ్చి, గేటు మీద బోర్డు కడతాం, మొత్తం ఎన్ని కిలోమీటర్లో చెప్పమని అడిగారు. కాటా అక్క రిజిస్టరు మొదటి పేజీ నుంచి కూడుతూ వచ్చింది. ఈ నెల పద్నాలుగో తారీఖు దగ్గర పెన్ను ఆగింది. సాయంత్రం రాయి 509. మర్నాడు పొద్దుటి రాయి 506. మధ్యలో మూడు కిలోమీటర్లు పరిగెత్తనే లేదు.

ఆ వారం కాటాకు తనిఖీ వచ్చింది. మూడు రోజుల నంబర్లు తమ్ముడు ఒకేసారి చెబితే ఒక చేత్తో ఫోను పట్టుకుని రాసేసింది. పక్కపక్క గడులు కలిపి చూడలేదు. పదహారేళ్లలో ఏ లారీ విషయంలోనూ చెయ్యని పొరపాటు అది.

ముందు తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, పదిహేనో తారీఖు పొద్దున బావని ఎక్కడ దించావు?"

"గుర్తు దగ్గర. ఏం?"

"ఏ గుర్తు?"

"మన గుర్తేనే అక్కా. పసుపు ఇంటూ, రెండు చుక్కలు. మంచు కురుస్తోంది, ముందు బండి కూడా కనబడట్లేదు. అయినా పట్టుకున్నా చూడు."

"అది 506 దగ్గరుంది. మీరు ఆగింది 509 దగ్గర."

తమ్ముడు నోటు పుస్తకం తెరిచి చూసుకున్నాడు. ముందురోజు రాత్రి పడుకున్న ఊరు రోడ్డుకు ముందువైపున ఉంది. పొద్దున అక్కడి నుంచి వెనక్కి వస్తుంటే మొదట ఎదురైన పసుపు గుర్తు దగ్గర వ్యాను ఆపాడు. ఆ గుర్తు అక్కడి జిల్లా గీతలవాళ్లది. తొమ్మిది పరాయి దేశాల్లో ఎవరి గుర్తులు వాళ్లవి కాబట్టి ఏనాడూ తేడా రాలేదు. సొంత దేశంలోకి వచ్చాక సొంత శాఖ గుర్తే ముంచింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, ఆ పుస్తకం మూసెయ్" అన్నాడు తమ్ముడు.

"మూస్తే పోతుందా?"

"పదమూడు వేల కిలోమీటర్లలో మూడు. లారీ మీద దుమ్మంత."

"దుమ్ము కూడా కాటా మీద తూగుతుందిరా."

"చెబితే వెనక్కి పోదామంటాడు. నీకు తెలీదా ఆయన సంగతి? ఎప్పుడో కుర్రతనంలో పదకొండు అడుగుల గీత వదిలేశానని ఆదివారం పూట డబ్బా పట్టుకుని బస్సెక్కిన మనిషి. సంబంధం చూసినప్పుడే నాన్న ఇది కనుక్కోవాల్సింది. నాలుగొందల కిలోమీటర్లు వెనక్కి, మళ్లీ నాలుగొందలు ముందుకి. ఆ కాలేసుకుని ఒకటో తారీఖు మధ్యాహ్నానికి వస్తాడా? రాకపోతే ఉద్యోగం గోవిందా. అప్పుడు నువ్వు నా మీద పడతావు."

"నీ మీద ఇప్పుడే పడ్డాగా" అని ఫోను పెట్టేసింది.

ఆ గంటలో మూడు లారీలు కాటా ఎక్కి దిగాయి. ఆమె మూడింటికీ చీటీలు రాసింది. గది కిటికీలోంచి చూస్తే యార్డు గేటు, బోర్డు కట్టబోయే కమ్మీలు కనిపిస్తాయి. తప్పు అంకె ఉన్న బోర్డును రిటైరయ్యే దాకా రోజూ ఎదురుగా చూస్తూ కూర్చోవాలి. అది ఆమెకు కుదరని పని. మొగుడి ఉద్యోగం పోవడం కూడా కుదరని పనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. తేలలేదు. సాయంత్రం పరుగు ఆగే వేళకు మేస్త్రీకి ఫోను చేసింది.

"తిన్నారా?"

"ఇప్పుడే ఆగాను. ఏంటే, కాటా ఖాళీగా ఉందా?"

"పద్నాలుగో తారీఖు ఎక్కడ ఆగారో గుర్తుందా?"

"509. ముందర ఇటుకల బట్టీ, దాని పొగగొట్టం కనిపిస్తోంది. ఎందుకు?"

"మర్నాడు 506 నుంచి మొదలెట్టారండీ."

మేస్త్రీ వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె మొత్తం చెప్పింది. చివరికి, "ఆ పొగగొట్టం పక్కనుంచి నేను వెళ్లలేదే" అన్నాడు. తప్పు అతనికి అలా ఖాయమైంది. ముందురోజు సాయంత్రం ఎదురుగా చూసిన గొట్టాన్ని మర్నాడు దాటిన జ్ఞాపకం లేదు.

"చెప్పకుండా ఉండాల్సిందేమో" అందామె.

"చెప్పకపోతే నువ్వు కాటా మీద కూర్చోవడం దండగ. ఒకటో తారీఖు మధ్యాహ్నం గేటు దగ్గర ఉండు."

"కాలు?"

"కాలు నాతోనే వస్తుంది, ఎక్కడికి పోతుంది?"

ఫోను జేబులో పెట్టుకుని, అక్కడే 96వ రాయి పక్కన పసుపు గుర్తు వేశాడు. ఈసారి ఇంటూ కింద ఒక అడ్డగీత అదనంగా గీశాడు. బావమరిది పక్కన నిలబడి చూశాడు.

"తిడితే తిట్టు బావా. ఇలా ఊరుకుంటే భయమేస్తోంది."

"నిన్నెందుకు తిట్టాలి? గుర్తు మీద నిలబడి పరిగెత్తింది నువ్వా? ముప్పై ఏళ్లుగా ఆ గుర్తు వేస్తున్నవాడు తన చెయ్యి తను పోల్చుకోలేకపోతే, నువ్వేం చేస్తావు? పొద్దున ఐదున్నరకి బండి తియ్యి."

ఇరవై తొమ్మిదో తారీఖంతా వ్యానులోనే గడిచింది. రెండు వారాలు ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన దారి కిటికీలోంచి వెనక్కి పోతుంటే మేస్త్రీ అటు చూడలేదు. కాలు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, చల్లనీళ్ల సీసా వాపుకు ఆనించి పట్టుకున్నాడు. దారిలో ఒక టైరు పంచరైంది. మధ్యాహ్నం మూడు దాటాక 509 రాయి వచ్చింది.

గుర్తు లేదు. ఈ రెండు వారాల్లో జిల్లా గీతలవాళ్లు పని కానిచ్చారు. రోడ్డు అంచున కొత్త తెల్లగీత మెరుస్తూ సాగిపోయింది.

"ఇక్కడే ఎక్కడో బావా. కానివ్వు" అన్నాడు బావమరిది.

"ఎక్కడో నుంచి ఎలా మొదలెడతాన్రా?"

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, గీత అంచును వేలితో తడుముతూ పాకాడు. పోయే లారీలవాళ్లు ఏదో ఉంగరం పారేసుకున్నాడనుకుని నెమ్మదించి చూసి పోయారు. రాయి దగ్గర్నుంచి పదిహేను గజాల మేర వెతికాక దొరికింది. ఇంటూ గుర్తూ ఒక చుక్కా కొత్త గీత కిందికి పోయాయి. రెండో చుక్క మాత్రం గీత పక్కన మిగిలి ఉంది. పల్చగా, అంచులు శుభ్రంగా ఉన్న చుక్క. తనదే.

చుక్క మీద కాలు పెట్టి నిలబడ్డాడు. బావమరిది వ్యానుకు తాళం వేసి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నువ్వెక్కడికి?"

"తప్పులో సగం నాది. మూడు కిలోమీటర్లూ వస్తా."

"చెప్పులతోనా?"

"నీ బూట్లు నాకు పట్టవు. నడువు."

మొదటి అర కిలోమీటరులోనే బావమరిది ఒక చెప్పు చేత్తో పట్టుకున్నాడు. ఇటుకల బట్టీ దగ్గర రెండోది కూడా చేతికొచ్చింది. పొగగొట్టం పక్కనుంచి వెళుతూ మేస్త్రీ దాన్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూశాడు. ఆ తర్వాత రోడ్డు ఎత్తుకు ఎక్కే చడావు. బావమరిది రొప్పుతూ, "రెండేళ్లు... రోజూ... ఇదేనా నువ్వు చేసింది?" అన్నాడు. "ఇదే" అన్నాడు మేస్త్రీ. "మతుండే చేశావా?" అన్నాడు బావమరిది.

506 దగ్గర ఆ రెండో గుర్తు తాలూకు చుక్కలు రెండూ గీత పక్కన మిగిలే ఉన్నాయి. రంగు లావుగా పోసి, అంచులు కారిపోయి, ఆమ్లెట్లలా ఉన్నాయి. మేస్త్రీ వాటి మీద నిలబడి కిందికి చూశాడు. "ఇది నా చెయ్యి కాదు. వంగి చూసుంటే తెలిసేది" అన్నాడు. తర్వాత రోడ్డు పొడుగునా వెనక్కి చూసి, "ఒరేయ్ బామ్మర్దీ, వ్యాను ఎవరు తెస్తారు?" అని అడిగాడు.

బావమరిది చేతిలో ఉన్న చెప్పుల వంక చూసుకున్నాడు. వ్యాను మూడు కిలోమీటర్ల వెనక, 509 దగ్గర తాళం వేసి ఉంది. ఒక ఇటుకల ట్రాక్టరువాడు దయతలచకపోతే ఆ సాయంత్రం అతను ఆరు కిలోమీటర్ల మనిషి అయ్యేవాడు.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకు వ్యాను 96వ రాయి దగ్గర, అడ్డగీత ఉన్న గుర్తు పక్కన ఆగింది. సాయంత్రం లోపు ఇరవై కిలోమీటర్లు అయ్యాయి. ముప్పై ఒకటిన పొద్దున ఐదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నలభై ఏడు. అందులో పరుగు సగమే, మిగతాది నడక. వాపు ఎరుపు తిరిగింది. కాలు ఆనిస్తే మేకు దిగినట్టు ఉందన్నాడు. ఇంకా ఇరవై తొమ్మిది మిగిలింది.

ఒకటో తారీఖు ఐదింటికి బయల్దేరాడు. ఇప్పుడు ఉన్నది అతని సొంత డెబ్బై కిలోమీటర్లలో. ఏ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయో, ఏ వంతెన మీద రంగు పట్టదో కాళ్లకు తెలుసు. ఎనిమిది గంటల వేళ ఒక మలుపు తిరిగాక ఆగిపోయాడు. వ్యాను పక్కకు వచ్చింది.

"నొప్పా బావా?"

"ఎవడ్రా ఈ గీత వేసింది?"

అతను లేని రెండేళ్లలో వేసిన గీత అది. పాము పాకినట్టు వంకర్లు పోయింది. మేస్త్రీ దాన్ని తిడుతూ నడక మొదలెట్టాడు. యంత్రం పట్టుకున్నవాణ్ణి, గీత సూటిగా రావడానికి పక్కన తాడు పట్టనివాణ్ణి, చూసి సంతకం పెట్టిన ఇంజినీరును వరసగా తిట్టాడు. ఆ కోపంతో నాలుగు కిలోమీటర్లు దాటాయి. వంకర తగ్గుతుంటే బావమరిదికి బెంగ పట్టుకుంది. "ముందర ఇంకా ఘోరంగా ఉంది బావా, చూద్దువుగాని రా" అని అబద్ధమాడాడు.

తొమ్మిది కిలోమీటర్లు ఉందనగా టైము తొమ్మిదీ యాభై. కాలు ఇక పరుగుకు పనికిరాదని తేలిపోయింది. నడకే గతి. రంగు యంత్రం గంటకు నాలుగు కిలోమీటర్లకు మించి పోదు, పోతే గీత పల్చబడుతుంది. ముప్పై ఏళ్లు దాని వెనక ఈ రోడ్డు మీదే ఆ వేగంతో నడిచాడు. ఇప్పుడు మిగిలిన టైముకు చాలాలంటే అంతకన్నా కొంచెం ఎక్కువ నడవాలి. గీత మీద చూపు పెట్టి, ముందర యంత్రం పోతున్నట్టే దాని వెనక నడిచాడు. బావమరిది నీళ్లిస్తే నడుస్తూనే తాగాడు. ఐదో రాయి దగ్గర పదీ నలభై ఐదు. రెండో రాయి దగ్గర పదకొండూ ఇరవై ఐదు.

యార్డులో ఎర్రపెన్ను గుమాస్తా బల్ల మీద హాజరు పట్టీ తెరిచి పెట్టుకున్నాడు. గోడ గడియారం అతని నెత్తి మీదే ఉంది. కాటా అక్క గేటు దగ్గర నిలబడింది. చంకలో రిజిస్టరు.

"అమ్మా, నీడలోకి రండి. ఎండలో నిలబడితే ఆయన తొందరగా రాడు" అన్నాడు గుమాస్తా కిటికీలోంచి.

"పన్నెండింటికి నిజంగా కొట్టేస్తారా అన్నయ్యగారూ?"

"గడియారం నా చేతిలో లేదమ్మా. పెన్ను ఉంది" అని, మూత తీసిన పెన్నును పట్టీ పక్కన పెట్టాడు.

పదకొండూ యాభై ఒకటికి మేస్త్రీ మలుపు తిరిగి కనిపించాడు. కుడికాలు ఈడుస్తూ, తల వంచుకుని, గీత మీదే వస్తున్నాడు. గేటుకు సూటిగా వచ్చాక ఆగాడు. ముందర నలభై అడుగుల్లో సున్నా రాయి. అక్కడికి పోయి రావడానికి ఈ కాలితో ఎంత సేపు పడుతుందో అతనికే తెలియదు. ఒక్క క్షణం రాయిని చూశాడు. నెత్తి మీది టోపీ తీసి గీత మీద, తను ఆగిన చోట పెట్టాడు. "ఇది కదలకుండా చూడు" అని బావమరిదికి చెప్పి గేటులోకి తిరిగాడు. భార్య పక్కనుంచి వెళుతూ, "ఉన్నావా" అన్నాడు. "ఉన్నా. పదండి, పదండి" అందామె.

బల్ల పట్టుకుని నిలబడి సంతకం పెట్టాడు. గుమాస్తా గడియారం చూసి, పదకొండూ యాభై నాలుగు అని పక్కన నల్లసిరాతో రాశాడు. ఎర్ర పెన్నుకు మూత బిగించాడు. తర్వాత పాత సెలవు కాగితం తీసి వేలుపెట్టి చదివాడు.

"సెలవుకు కారణం: సొంత పని అని ఉంది. పని పూర్తయిందా?"

"ఇంకా నలభై అడుగులుంది."

గుమాస్తా కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇప్పుడు నువ్వు డ్యూటీలో ఉన్నావు. గేటు దాటాలంటే అనుమతి చీటీ కావాలి."

"రాయండి మరి."

గుమాస్తా సొరుగులోంచి చీటీల పుస్తకం తీసి, పేరు రాసి, కారణం గడి దగ్గర కాసేపు ఆలోచించి, "గీత తనిఖీ" అని రాశాడు. టైము: పది నిమిషాలు. చింపి ఇచ్చాడు.

మేస్త్రీ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. బావమరిది టోపీ పక్కన రెండు చేతులూ చాపి, వచ్చే లారీలను పక్కనుంచి పొమ్మంటున్నాడు. మేస్త్రీ టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. టోపీ ఉన్న చోట కాళ్లు రెండూ ఆనించి నిలబడ్డాడు. ఆ నలభై అడుగులు మాత్రం నడవలేదు, పరిగెత్తాడు. రాయి మీద చెయ్యి వేసి, దాని పక్కనే కింద కూర్చుండిపోయాడు.

కాటా అక్క గేటు కమ్మీకి ఆనించి రిజిస్టరు తెరిచింది. పద్నాలుగో తారీఖు వరస కింద ఇరికించి 509, 506 అని, పక్కన ఇరవై తొమ్మిదో తారీఖు అని రాసింది. తర్వాత ఆఖరి పేజీ తీసి సున్నా రాసింది. బోర్డు కట్టేవాళ్లకు అంకె చెప్పడానికి యార్డులోకి నడిచింది.

రాయి దగ్గర కూర్చున్న మేస్త్రీ తన ముందున్న గీత కొసను చూస్తున్నాడు. "ఒరేయ్, ఇది కూడా వంకరే" అన్నాడు.

"రేపు చూసుకుందాంలే బావా" అన్నాడు బావమరిది. "ముందు ఆ చీటీ టైము చూడు. ఇంకా ఆరు నిమిషాలే ఉంది."